గళ్ళు నింపేవారికి న్యాయం

ఇంతకాలం జరిగిన అన్యాయం చాలని, ఈ ఏడాదిని 'పూరకుల న్యాయ సంవత్సరం'గా జరపాలని ప్రభుత్వం నిర్ణయించిందని సమాచార మంత్రిగారు ప్రకటించారు. పూరకులంటే ఎవరో విలేకరుల్లో ఎవరికీ తెలియలేదు. అడిగితే బాగుండదని అందరూ రాసేసుకున్నారు. వెనక వరుసలో ఒకాయన అదేదో కొత్త పన్ను అనుకుని దిగాలుగా రాసుకున్నాడు.

పత్రికల్లో వచ్చే పజిల్ గళ్ళను పెన్సిలు పట్టుకుని నింపే సామాన్యుడే పూరకుడని కాసేపటికి మంత్రిగారే వివరించారు. పాపం, ఆ సామాన్యుడు పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ఒక ఆధారం చదువుతాడు. అందులో చెప్పేది ఒకటి, అర్థం ఇంకొకటి. చెప్పేదొకటీ అర్థమింకొకటీగా ప్రజలతో మాట్లాడే హక్కు ఒక పత్రికకు ఎవరిచ్చారని మంత్రిగారు గద్గద స్వరంతో అడిగారు. ఆ ప్రశ్న ఆయన నోటి నుంచి రావడానికి ఎంత గుండెధైర్యం కావాలో ఆయన ఎన్నికల ఉపన్యాసాలు విన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నేను లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాను. కొట్టాక గుర్తొచ్చింది, ఆ పత్రిక మాదేనని.

మా పత్రికలో నేను వెనక పేజీల సబ్ ఎడిటర్ని. వాతావరణం, బజారు ధరలు, తప్పిపోయినవారి ప్రకటనలు, గళ్ళనుడికట్టు నా ఇలాకా. గళ్ళనుడికట్టు రాసేది మెట్ల కింద బల్ల వేసుకుని కూర్చునే ఒక పెద్దావిడ. ఆఫీసంతా ఆమెని గళ్ళక్క అంటుంది. ఎడిటర్ ఒక్కరే 'అక్కయ్యగారూ' అంటారు, అదీ ఆమె రాసింది ఆలస్యమైనప్పుడు.

గళ్ళక్క రాసే ఆధారాల్లో ఒక పద్ధతుంది. ఒక పక్క జవాబు అర్థం ఉంటుంది, ఇంకో పక్క దాన్ని కట్టుకునే దారి ఉంటుంది. రెంటికీ మధ్య అతుకు కనిపించదు, అంతే. 'తీగను వెనక్కి లాగితే శిరస్సు', రెండు గళ్ళు. తీగంటే లత. లతని వెనక నుంచి చదివితే తల. తలంటే శిరస్సు. అందులో అక్కర్లేని మాట ఒక్కటి లేదు, ఉండాల్సిన మాట ఒక్కటి తక్కువ కాలేదు. అలాంటిది ఒకటి రాయడానికి ఆమె ఒక పూటంతా రబ్బరు అరగదీస్తుంది.

రాసినదాన్ని అచ్చుకిచ్చే ముందు ఆమె ఎదురు వీధిలో టైలరింగ్ షాపు నడిపే బావగారికి పంపుతుంది. అంటే వాళ్ళాయనే. ఆయన కుట్టుమిషను మీద పెట్టుకుని నింపుతారు. జవాబు వచ్చినంత మాత్రాన సరిపోదు, అదెలా వచ్చిందో ఆయన చెప్పాలి. "ఎలాగో తట్టింది లెద్దూ" అన్నారంటే ఆ ఆధారం చించి బుట్టలో పడేస్తుంది. బావగారు బతిమాలినా వినదు.

"చిక్కు పెట్టడం వేరు తమ్ముడూ, మోసం చెయ్యడం వేరు" అనేది నాతో. "జవాబు తెలిశాక మనిషి, ఛ, ఇది నాకెందుకు తట్టలేదని తన్ని తాను తిట్టుకోవాలి. నన్ను తిట్టాడంటే నేను తప్పు రాసినట్టే."

అలాంటి మనిషి అన్యాయం చేస్తోందని ప్రభుత్వం కనిపెట్టగలిగిందంటే, మన నిఘా వ్యవస్థను మెచ్చుకోవాలి.

అసలు సంగతి ఎక్కడ మొదలైందో మంత్రిగారి కారు డ్రైవరు మా క్యాంటీన్‌లో టీ తాగుతూ చెప్పాడు. మంత్రిగారికి కారులో గళ్ళు నింపే అలవాటు ఉంది. నింపడం అంటే, పేపరు మోకాలి మీద మడిచి పెట్టుకుని, సిగ్నల్ పడినప్పుడల్లా పక్క కార్లలోవాళ్ళకు కనిపించేలా పెన్ను చివర కొరుకుతూ ఆలోచించడం. సిగ్నల్ మారగానే ఆలోచన ఆపేస్తారు. ఆ రోజు ఏ కళనున్నారో ఆధారం చదివారు. 'ఎటు నుంచి చూసినా అభినయమే', మూడు గళ్ళు.

జవాబు నటన. అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా అదే మాట. బావగారు దీన్ని ఒక బొత్తాం కుట్టేంతలో చెప్పేశారు. మంత్రిగారు మాత్రం రెండుసార్లు చదివి, కారు పక్కకి ఆపించి, ఇది ఎవర్ని ఉద్దేశించి రాశారని పీఏని అడిగారు. పీఏ అనుభవం ఉన్నవాడు. పేరు రాయలేదు సార్ అన్నాడు. మంత్రిగారి ముఖం మరింత ఎర్రబడింది. న్యాయ సంవత్సరం ఆ పక్కకి ఆపిన కారులోనే పుట్టింది.

ప్రకటన వెలువడిన వారంలోనే పూరకుల సంక్షేమ కమిషనర్‌గారు మా ఆఫీసుకి వేంచేశారు. ఆయన వెంట ఒక నేమ్‌ప్లేటు, ఒక అటెండరు, ఒక తిరుగుడు కుర్చీ వచ్చాయి. కుర్చీకి చోటు మెట్ల కిందే దొరికింది. గళ్ళక్క తన పెన్సిళ్ళ డబ్బా పట్టుకుని, తడి ప్రూఫులు ఆరబెట్టే బెంచీ మీదకి మారింది.

కమిషనర్‌గారు అంతకుముందు మత్స్యశాఖలో ఉండేవారు. గాలం వేసే ముందు ఆ సంగతి చేపకు రాతపూర్వకంగా తెలియజేయాలని అక్కడ ఆయన ఇచ్చిన నివేదిక ఇంకా పరిశీలనలో ఉందట. అంతటి న్యాయబుద్ధి కలవారు కాబట్టే ప్రభుత్వం ఏరికోరి ఇటు పంపింది. రాగానే తీగ ఆధారం చేతిలోకి తీసుకున్నారు. జవాబేమిటని అడిగారు. తల అని చెప్పింది గళ్ళక్క.

"తల కావాలంటే తల అని అడగొచ్చు కదమ్మా. తీగలెందుకు మధ్యలో?"

"అలా అడిగేస్తే నింపేవాళ్ళకి ఏం మిగులుతుందండీ?"

"జవాబు మిగులుతుంది."

గళ్ళక్క నోట మాట రాలేదు. ఇంత సూటిగా ఆలోచించే మనిషిని ఆమె ఎన్నడూ చూసి ఉండదు. కమిషనర్‌గారు ఆ మౌనాన్ని అంగీకారంగా ఫైల్లో రాయించారు.

తీగ అన్న మాట ఉంది కాబట్టి ఆ ఆధారం విద్యుత్ శాఖకు వెళ్ళింది. నిరభ్యంతర పత్రం వస్తేగానీ అచ్చు వెయ్యకూడదని రూలు. విద్యుత్ శాఖ జాప్యం లేకుండా సమాధానం పంపింది: తీగను ఎటువైపుకీ లాగరాదు, లాగినచో శిరస్సు కాదు, ప్రాణం పోవును, ఇట్టి ఆధారం ప్రజా భద్రతకు విరుద్ధం. కమిషనర్‌గారు నా వైపు చూసి, చూశారా, మనం ఊరికే అచ్చేసి ఉంటే ఎన్ని ప్రాణాలు పోయేవో అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ ఎన్ని చావులకి ప్రూఫులు దిద్దానో అనిపించింది.

అక్కడి నుంచి పనులు చకచకా సాగాయి. నది అని ఉన్న ఆధారం నీటిపారుదల శాఖకి, నెమలి ఉన్నది అటవీ శాఖకి, అత్తగారు ఉన్నది కుటుంబ సంక్షేమానికి వెళ్ళాయి. అత్తగారి ఆధారం మీద కుటుంబ సంక్షేమంలో రెండు వర్గాలుగా చీలి మాట్లాడుకోవడం మానేశారు. ఏదీ తిరిగి రాలేదు. గళ్ళు మాత్రం రోజూ అచ్చవ్వాలి కదా. అందుకని మొదటి సంస్కరణగా, ప్రతి ఆధారం పక్కనా జవాబు కూడా వెయ్యాలని కమిషనర్‌గారు ఉత్తర్వులిచ్చారు. 'శిరస్సు, రెండు గళ్ళు, తల.'

ఇది పెద్ద విజయం. అయినా ఒక పౌరుడి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆయన జవాబుల్ని పక్కనే చూసుకుంటూ కూడా అడ్డం మాటలు నిలువులో రాశారు. ఒక్కటీ ఇమడలేదు. ఈ దేశంలో ఒక మనిషి తప్పు రాశానని బాధపడే పరిస్థితి ఇంకా ఉందా అని మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. వెంటనే రెండో సంస్కరణ వచ్చింది. ఏ గడిలో ఎవరు ఏమి రాసినా అది సరైన జవాబే. ఎవరి జవాబునీ తప్పు అనే అధికారం ఇకమీదట ఎవరికీ లేదు. దీన్ని చట్టం చేశారు. 'సరి' అని ఒక రబ్బరు స్టాంపు కూడా చేయించారు.

ఆ తర్వాత నల్ల గళ్ళ సంగతి తెరమీదకొచ్చింది. తెల్ల గళ్ళకి అక్షరం పెట్టుకునే భాగ్యం ఉండి, నల్ల గళ్ళకి లేకపోవడం ఏమిటని అధికార పార్టీ కార్యకర్తలు మా ఆఫీసు ముందు బైఠాయించారు. మాట ఎక్కడ ఆగుతుందో చెప్పేది నల్లగడేనని గళ్ళక్క చెప్పబోయింది. మాటని ఆపడం కూడా అణచివేతేనని వాళ్ళలో ఒకాయన అన్నాడు. ఆ మాట అంటూ ఆయన ఆగలేదు, భోజనాల వేళ దాకా మాట్లాడాడు. మర్నాటి నుంచి నల్లగళ్ళు తీసేశాం.

ఇన్ని చేసినా ఒక కొరత మిగిలింది. కొందరు గళ్ళు తొందరగా నింపేస్తున్నారు, కొందరు వెనకబడిపోతున్నారు. అందరూ ఒక్కసారే పూర్తి చేసినప్పుడు కదా సమానత్వం. ఈ సమస్యకి కమిషనర్‌గారు చెప్పిన పరిష్కారం వినగానే మా ఎడిటర్ కుర్చీలోంచి లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. గళ్ళని ముందే నింపి ఇచ్చేస్తే సరి. పౌరుడు పేపరు తెరిచేసరికి పని అయిపోయి ఉంటుంది. ఈ పథకాన్ని మంత్రిగారు రిబ్బను కత్తిరించి ప్రారంభించారు. నింపిన గళ్ళ కింద ఆయన ఫొటో వేశాం. ఆయన అందులో నవ్వుతూ, తానే రాత్రంతా కూర్చుని నింపినట్టు కనిపించారు.

నింపిన గళ్ళకి ఆధారాలు అక్కర్లేదు. ఆధారాలు అక్కర్లేకపోతే గళ్ళక్క అక్కర్లేదు. ఇంత చిన్న లెక్క ఎడిటర్‌గారికి ముందే తెలిసి ఉంటుంది. ప్రభుత్వ ప్రకటనలు ఆగితే పత్రిక నడవదు కాబట్టి ఆయన గళ్ళక్కని పిలిచి, కొన్నాళ్ళు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి అక్కయ్యగారూ అన్నారు. ఆ రోజు ఆమె రాసింది ఆలస్యం కాకపోయినా అలాగే పిలిచారు.

ఆమె పెన్సిళ్ళు ఒక్కోటీ ఏరి డబ్బాలో పెట్టుకుంటుంటే నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఏదైనా హాస్యంగా అందామని నోరు తెరిచాను. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది. ఆమె మటుకు తాపీగానే ఉంది. "నాదేముంది తమ్ముడూ. పొద్దున్నే కాఫీ పెట్టుకుని వాళ్ళు ఎదురుచూస్తారు చూడు, వాళ్ళ సంగతే నా బాధ" అంది. ఆ వాళ్ళల్లో ఒక్కరి ముఖం కూడా ఆమెకి తెలీదు.

నాకు తొందరలోనే ఆ ముఖాలు తెలిశాయి. ముందుగా బేకరీ ఆవిడ వచ్చింది. పిండి అంటిన చేతులతోనే పేపరు నా బల్ల మీద పడేసి, మీరు నమిలి నాకు పెడతారా అని అడిగింది. తర్వాత పళ్ళ డాక్టరుగారు వచ్చారు. ఆయన గదిలో వరుసలో కూర్చున్న రోగులు ఇదివరకు గళ్ళు నింపుకుంటూ పంటి నొప్పి మరిచిపోయేవారట, ఇప్పుడు నొప్పి తప్ప వేరే వ్యాపకం లేక కేకలు పెడుతున్నారట. ఒక రిటైరైన బస్సు కండక్టరు వచ్చి, మెట్ల కింద తిరుగుడు కుర్చీని కాసేపు చూసి వెళ్ళిపోయారు. మా పేపరు కొనేవాళ్ళు పలచబడ్డారు. బావగారు తనకి పొద్దు గడవక ఎవరో ఇచ్చిన చొక్కాకి మూడు జేబులు కుట్టారు.

ఇలా ఉండగా న్యాయ సంవత్సరం ముగింపు సభ దగ్గరపడింది. మంత్రిగారు ప్రజల సమక్షంలో ఒక పజిల్‌ని స్వయంగా నింపి చూపించాలని ముచ్చటపడ్డారు. ముందే నింపింది పెడితే ఆయన నింపడానికి ఏమీ ఉండదు. నింపనిది పెడితే ఆయన నింపలేకపోవచ్చు. కమిషనర్‌గారు ఆ చిక్కుతో నలిగి నలిగి, చివరికి గళ్ళక్కకి కబురు పెట్టారు. ఎడిటర్‌గారు స్వయంగా టైలరింగ్ షాపుకి వెళ్ళారు. ఈ ఒక్క గండం గట్టెక్కిస్తే, మంత్రిగారు మెచ్చితే, ఆమె గళ్ళు ఆమెకి తిరిగి ఇప్పించే పూచీ తనదని బావగారి ఎదురుగా మాటిచ్చారు. లేకపోతే ఆ జాగాలో సబ్బుల ప్రకటన వేసుకోవాల్సిందేనని కూడా చెప్పారు.

"చట్టం ప్రకారమే చేసిస్తాను" అంది గళ్ళక్క.

చేసిచ్చింది. సభ రోజున వేదిక మీద పరదా తొలగించగానే గోడంత బోర్డు కనిపించింది. నిండా గళ్ళు. నల్లది ఒక్కటి లేదు. శాఖల నుంచి ఏ ఆధారమూ తిరిగి రాలేదు కాబట్టి ఆధారమూ ఒక్కటి లేదు. చట్టాన్ని ఇంత తు.చ. తప్పకుండా పాటించిన పజిల్‌ని నేను ఎక్కడా చూడలేదు.

మంత్రిగారు మార్కర్ పెన్ను అందుకున్నారు. కెమెరాలు ముందుకు జరిగాయి. ఆయన బోర్డు ముందు నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. ఏం రాసినా సరైనదే అయినప్పుడు ఏం రాయాలో తెలియడం ఎంత కష్టమో నాకు అప్పుడు అర్థమైంది. పీఏ దగ్గరికి వెళ్ళి, ఏదైనా పర్లేదు సార్ అన్నాడు. ఏదైనా అంటే ఏది అని మంత్రిగారు పళ్ళు బిగించి అడిగారు. బ్యాండు వాళ్ళు వాయించిందే మళ్ళీ వాయించారు. చివరికి ఆయనకి మెరుపులా తట్టింది. సరిగ్గా బోర్డు నడిమధ్యన రెండు గళ్ళల్లో 'నేను' అని రాశారు.

సభ దద్దరిల్లింది. కమిషనర్‌గారు 'సరి' అని స్టాంపు గుద్దారు.

అప్పుడు గళ్ళక్క మైకు దగ్గరికి వచ్చి, మిగతా గళ్ళు ఖాళీగా ఉన్నాయని, ఒక గడిని ఖాళీగా వదిలేయడం చట్టప్రకారం అన్యాయమని గుర్తుచేసింది. మంత్రిగారు అప్పటికే మహా ఆనందంలో ఉన్నారు. ప్రజలే వచ్చి నింపండి అని రెండు చేతులూ చాచి పిలిచారు. పిలిచి, కెమెరాల వైపు తిరిగారు. బోర్డు వైపు మళ్ళీ చూడలేదు, దానికి వీపు చూపిస్తే ఫొటో బాగా వస్తుందని ఫొటోగ్రాఫరు చెప్పాడు.

జనం వేదిక మీదకి వచ్చారు. వాళ్ళు ఏళ్ళ తరబడి గళ్ళు నింపిన జనం. తోసుకోలేదు, వరుస కట్టారు. ముందు బేకరీ ఆవిడ ఒక మూల 'నీళ్ళు' అని రాసింది. తర్వాత వచ్చిన కండక్టరు ఒక నిమిషం ఆలోచించి, అదే 'నీ' పట్టుకుని కిందికి 'నీడ' అని రాశారు. డాక్టరుగారు వాటికి కలిసేలా ఇంకోటి రాశారు. ఎవరో 'గొయ్యి' అన్నారు. ఎవరో 'ముగ్గురు' అన్నారు. ఏ మాటా గాలిలో వేలాడకుండా ప్రతిదీ ఇంకోదానితో కలిసేలా రాశారు. మాట ఆగాల్సిన చోట నల్లరంగు కూడా వాళ్ళే పూశారు. కమిషనర్‌గారు చెమటలు కక్కుతూ ఒక్కో మాట మీదా 'సరి' 'సరి' అని గుద్దుకుంటూ పోయారు. ఆగమనడానికి ఆయనకి అధికారం లేదు. నడిమధ్యన ఉన్న 'నేను'తో మాత్రం ఎవరి మాటా కలవలేదు.

సభ అయ్యాక బోర్డుని మా ఆఫీసుకి మోయించారు. గళ్ళక్క దాని ముందు కూర్చుని, దేనితోనూ కలవని ఆ ఒక్క మాట తుడిచేసి, మిగతావాటికి ఆధారాలు రాయడం మొదలుపెట్టింది. రబ్బరు ముట్టుకోలేదు. రాసింది రాసినట్టు నాకిచ్చింది. ముఖం మాత్రం చిన్నబోయి ఉంది.

"ఇందులో చిక్కేమీ లేదు తమ్ముడూ. చెప్పిందే అర్థం. రాయడానికి నాకే సిగ్గుగా ఉంది" అంది.

నేను చదివాను. 'కుళాయి తిప్పితే రానిది', రెండు గళ్ళు. 'బస్టాపులో లేనిది', రెండు గళ్ళు. 'వీధి మధ్యలో ఎప్పటి నుంచో ఉన్నది', రెండు గళ్ళు. 'ఆస్పత్రిలో ఒక్కో మంచం మీద ఉండేది', మూడు గళ్ళు. బావగారు సూదిలో దారం ఎక్కించేలోపు అన్నీ చెప్పి, ఎలా వచ్చాయో కూడా చెప్పారు. గొయ్యి దగ్గర మాత్రం మోకాలు చూపించారు.

ఆధారాలు శాఖలకి వెళ్ళాలి కదా. ఈసారీ తిరిగి రావని నేను ఖాయం చేసుకుని సబ్బుల ప్రకటన సిద్ధం చేసి ఉంచాను. నా అంచనా తప్పింది. సాయంత్రానికల్లా అన్ని శాఖల నుంచీ నిరభ్యంతర పత్రాలు వచ్చేశాయి. కుళాయిలో ఏదో రాకపోవడానికీ తమకీ ఎలాంటి సంబంధమూ లేదు కాబట్టి అభ్యంతరం లేదని నీటి సరఫరా వారు రాశారు. వీధి మధ్యలో ఉన్నదేదీ తమ రికార్డుల్లో లేదు కాబట్టి దాని గురించి ఏం అచ్చేసుకున్నా తమకి పట్టదని రోడ్ల శాఖ వారు రాశారు. ఆస్పత్రుల వారు, అది మంచాల తయారీదారుల్ని అడగాల్సిన విషయమని రాశారు. ప్రభుత్వ యంత్రాంగం ఇంత చురుగ్గా కదలడం నా సర్వీసులో అదే మొదలు.

ప్రజలే నింపాలని మంత్రిగారు సభలో అన్నారు కాబట్టి మర్నాడు గళ్ళు ఖాళీగా, నల్లవి నల్లగా, ఆధారాలు ఆధారాలుగా అచ్చయ్యాయి. ఊరంతా కాఫీ చల్లారకముందే నింపేసింది. పెన్సిళ్ళు కూడా వెతుక్కోలేదు, ఏది దొరికితే దానితో రాసేశారు. డాక్టరుగారి గదిలో రోగులు పంటి నొప్పితోనే జవాబులు కోరస్‌గా చెప్పారట. పేపరు మధ్యాహ్నానికి దొరకలేదు, రెండోసారి అచ్చెయ్యాల్సి వచ్చింది. తన్ని తాను తిట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. గళ్ళక్కని తిట్టినవాడూ లేడు. ఎవర్నో తిట్టిన మాట వాస్తవమే.

నాకు మాత్రం లోపల గుబులు. ఊరంతా నింపినా లాభం లేదు, మెచ్చాల్సింది మంత్రిగారు ఒక్కరే. ఆయనకి ఈ గళ్ళు అర్థమైతే గళ్ళక్క పని గోవిందా. అర్థం కాకపోయినా గోవిందా, మళ్ళీ అన్యాయం జరిగిందంటారు. బెంచీ మీద కూర్చున్న గళ్ళక్కకి ఈ సంగతి చెప్తే, ఆమె పెన్సిలు చెక్కుకుంటూ, ఆధారం న్యాయంగానే రాశాను కదా అంది. ఎడిటర్‌గారు ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. ఫోను మోగలేదు. దానికి బదులు, ప్రెస్ మీట్ అని కబురొచ్చింది.

వెళ్ళేసరికి మంత్రిగారు మా పేపరు పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. ముఖం వెలిగిపోతోంది. ఆయన వేళ్ళకి సిరా మరకలున్నాయి. జీవితంలో మొట్టమొదటిసారి ఒక పజిల్‌ని చివరి గడి దాకా తానే నింపానని, పీఏని కూడా అడగలేదని, సిగ్నల్ పడకపోయినా ఆలోచించానని చెప్పారు. ఇంత న్యాయమైన గళ్ళు ప్రపంచంలో ఎక్కడా ఉండవన్నారు. చెప్పిందే అర్థం, అర్థమే జవాబు. తన సంస్కరణలు ఫలించాయి కాబట్టి ఇక కమిషను అక్కర్లేదని, కమిషనర్‌గారిని తిరిగి చేపల దగ్గరికి పంపిస్తున్నామని, ఇలాంటి గళ్ళు రాసిన ఆవిడ రోజూ రాసి తీరాలని అక్కడికక్కడే ఉత్తర్వులిచ్చారు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పక్కనున్న విలేకరిని కౌగలించుకున్నాను. అతను వేరే పత్రికవాడు, బిత్తరపోయాడు.

మంత్రిగారు పేపరు మా వైపు తిప్పి ఒక్కో జవాబూ చదివి వినిపించారు. వీధి మధ్యలో ఎప్పటి నుంచో ఉన్నది, దీపం. ఆస్పత్రిలో ఒక్కో మంచం మీద ఉండేది, ఒక్కరు. బస్టాపులో లేనిది, పాట. ఈ లోటు తన దృష్టికి తెచ్చినందుకు ధన్యవాదాలు చెప్పి, అన్ని బస్టాపుల్లోనూ పాటలు పెట్టిస్తామని హామీ ఇచ్చారు. కుళాయి తిప్పితే రానిది, పాలు. ఏ అక్షరమూ ఏ అక్షరంతోనూ తగువు పడకుండా, అన్నీ చక్కగా కలిశాయి.

ముందు వరుసలో కుర్ర విలేకరి ఒకమ్మాయి ఉండబట్టలేక లేచి, మొదటి అడ్డం ఊళ్ళో అందరూ 'నీళ్ళు' అని నింపారని చెప్పింది.

మంత్రిగారు కోప్పడలేదు. తెలియని పిల్లకి నచ్చజెప్పినట్టు చాలా ప్రేమగా నవ్వారు.

"నేను ఊరికే రాయలేదమ్మా. పొద్దున్నే మా ఇంట్లో కుళాయి నా చేత్తో నేనే తిప్పి చూశాను. నీళ్ళు బ్రహ్మాండంగా వస్తున్నాయి. రానివి పాలే."